ఎనిమిదో స్తంభంలో పండుగప్ప

పాళెంలో తుఫాను షెల్టర్ తాళంచెవి నాగులమ్మ దగ్గరుంటుంది. పొద్దున్నే తలుపు తీసి, వసారా చిమ్మి, గోడల్లో తిరిగే చేపల్ని చీపురుకట్టతో అదిలించడం ఆమె పని. సముద్రం పోటు మీదుంటే అవి స్తంభాల్లోకి ఎక్కుతాయి, సున్నం కింద నీడల్లా కదులుతుంటాయి. "పోండర్రా, గోడంతా చెమ్మ చేస్తా ఉండారు!" అని తిడుతుంది. పట్టుకోను వీలుకాని చేపని తిట్టక ఏం చేస్తారు మరి!

ఆ బుధవారం చిమ్మే తీరిక లేదు. సాయంత్రానికి తుఫాను తీరం దాటుతుందన్నారు. రెండొందల మంది మూటలు, పిల్లలు, కోళ్లతో షెల్టర్ ముందు నిలబడి ఉండారు. నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరు భానుప్రియ సరేనంటేనే లోపలికి. వద్దంటే ట్రాక్టర్లెక్కి వాకాడు పోవాల. దారిలో వాగు మీద చప్టా ఉంది, మూడు గంటలు దాటితే నీళ్లు దాని మీదికొస్తాయి. అప్పటికే ఒకటిన్నర.

భానుప్రియ చేతిలో లేజర్ మిషను. మీట నొక్కితే టప్పుమని మెరుపు. తగిలిన చోట ఆవగింజంత సిమెంటు మండిపోతుంది, ఆ మంటలోని రంగుల్ని బట్టి ఏమేం కలిసుందో తెర మీద గీతలు పడతాయి. ఉప్పుకూ ఒక గీత ఉంది. సముద్రం ఒడ్డున ఏ గోడకైనా పైపైన ఉప్పుంటుంది, అది ఇనుప కడ్డీ దాకా దిగిందా అన్నదే భయం. తెలియాలంటే డ్రిల్లుతో తొలిచి, తీసిన ముక్క పొడుగునా లేజర్ కొట్టాల. కరెంటు పొద్దున్నే తీసేసినారు. డ్రిల్లు బ్యాటరీ రెండు స్తంభాలకు మించి రాదు. స్తంభాలు ఎనిమిది.

"మొదటిది తొలవండి మేడం," అన్నాడు మాలకొండయ్య. పద్దెనిమిదేళ్ల కిందట షెల్టర్ కట్టిన మేస్త్రీ ఆయనే. "అన్నీ ఒకే సిమెంటు మాలు."

తొలిచింది. ఉప్పు గీత కడ్డీకి చాలా ఇవతలే ఆగిపోయింది. వెలుగుకు చేపలొస్తాయి గదా, ఆ మెరుపుకూ వచ్చినాయి, వేలెడంత కవళ్లు నాలుగు. భానుప్రియ ముఖం తేటపడింది. జనం మూటలెత్తుకున్నారు.

రిపోర్టు కోసం తక్కిన స్తంభాలకు పైపైన ఒక్కో మెరుపు కొట్టుకుంటూ పోయింది. అన్నిట్లో కవళ్లే. సముద్రం వైపున్న ఎనిమిదో స్తంభంలో నుంచి మాత్రం మెల్లగా ఒక పండుగప్ప వచ్చింది. చేతి పొడుగు. వెడల్పు చాలక వంకర తిరిగి, మెరుపు పడిన చోట మూతి పెట్టింది.

నాగులమ్మ స్తంభం దగ్గరికొచ్చి చూసింది. "కవళ్లకు చెమ్మ చాలు. ఇంత చేప తిరగాలంటే ఎంత ఉప్పునీళ్లు కావాల?" అని మాలకొండయ్య వైపు తిరిగింది. "అన్నా, నా మనవరాళ్లిద్దరూ దీని కిందే పడుకోబోతా ఉండారు. చెప్పు."

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ రోజు నీళ్ల ట్యాంకర్ రాలేదమ్మా. స్తంభం సగం పోసి ఉండాది, మధ్యలో నిలపకూడదు. ఉప్పుకాలవ నీళ్లతో కలిపినా. ఈ ఒక్కదానికే. అప్పట్నించీ గాలి లేస్తే చాలు, చస్తా ఉండా."

భానుప్రియ మిగిలిన బ్యాటరీతో దాన్ని తొలిచింది. ఎర్రటి తుప్పు పొడి రాలింది. ముక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉప్పు గీత ఎక్కడా తగ్గలేదు. "ఎక్కండి! ట్రాక్టర్లెక్కండి!" అని అరిచింది.

మాలకొండయ్య మెట్ల మీదే కూలబడినాడు. "నేను రాను. ఏ మొహం పెట్టుకోని వచ్చేది?"

"ఉండనీండి ఆయన్ని!" అన్నారెవరో ట్రాక్టర్లోంచి. నాగులమ్మ దిగొచ్చి ఆయన రెక్క పట్టుకుంది. "మళ్లీ కట్టను మాకెవరుండారు? ఎక్కు."

చప్టా దాటేసరికి నీళ్లు ఇరుసు దాకా వచ్చినాయి.

తెల్లారి వచ్చి చూస్తే ఎనిమిదో స్తంభం విరిగి, కప్పు హాల్లోకి కూలి ఉంది. మాలకొండయ్య దాని ముందు కూర్చుని ఏడ్చినాడు. ఎవరూ ఆపలేదు.

ఎండాకాలంలో కొత్త షెల్టర్ పని మొదలైంది. ట్యాంకర్ వస్తే ముందు మాలకొండయ్య అందరి ఎదుటా చెంబుడు నీళ్లు తాగుతాడు. ఆ తరవాతే మాలు కలుపుతారు. ఒకసారి నోట్లో పోసుకున్నవి తుపుక్కున ఉమ్మి, ట్యాంకర్ని వెనక్కి పంపేసినాడు. రెండు రోజులు పని ఆగింది. మూడో పొద్దున పాళెం ఆడోళ్లు ఇళ్లలోని తాగేనీళ్లు బిందెల్లో తెచ్చి ఆయన ముందు దించినారు. మొదటి బిందె నాగులమ్మది. ఆయన దాన్ని కూడా రుచి చూసే పోసినాడు.