బ్రేకు మీద కాలు

వాకిట్లోంచి కారు వెనక్కి తీస్తూ ధనలక్ష్మి బ్రేకు తొక్కింది. పెడల్ ఎక్కడా ఆగలేదు. పేడముద్దలో కాలు దిగినట్టు మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. కారు నింపాదిగా వెళ్లి గడ్డికుప్పకు ఆనుకుని ఆగింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ పక్కనే నుయ్యి.

పక్క సీట్లో తండ్రి అప్పలనరసింహం కళ్లు తెరిచాడు.

"ఏటయిందే?"

"ఏటీ కాదు నాన్నా."

ఏమీ కాకపోవడమేమిటి, కొంప మునిగింది. తుపాను పుణ్యమా అని ముసలాయనకు మొన్నటి డయాలసిస్ తప్పిపోయింది. ఒక్క వాయిదాకే పాదాలు బూరెల్లా పొంగాయి. రాత్రంతా నడుం వాల్చలేక గోడకు జారగిలబడి ఆయాసపడ్డాడు. ఇవాళ పలాస ఆసుపత్రికి చేరకపోతే ఆయన దక్కడని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తడం లేదు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, దారికి అడ్డం పడ్డ కొబ్బరిచెట్లు ఇంకా కోస్తున్నారు, పెద్ద బండి పట్టదు, సాయంత్రం చూద్దామన్నారు. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో రేకులషెడ్డు కింద నలిగింది. మోటారుసైకిలు ఎక్కిస్తే మనిషి పక్కకు ఒరిగిపోతున్నాడు. మొగుడు విశాఖలో డ్యూటీలో ఉన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆమె పరుగున వెళ్లి కూర్మయ్యను పట్టుకొచ్చింది. సాలూరు లారీషెడ్లలో పనిచేసే మనిషి, తన తోటలో ఎన్ని చెట్లు మిగిలాయో చూసుకోడానికి వచ్చి ఉన్నాడు.

"మావా, బ్రేకు పోనాది. నాన్ననొకపాలి సూడు. నానేటి సేసీది?"

"నావి లారీలమ్మా. ఆటికి గాలి బ్రేకులు. ఇది ఆయిల్ బ్రేకు. సూద్దాం ఉండు."

ఆయిల్ కారిపోయి ఉంటుందనుకున్నాడు కూర్మయ్య. బురదలో పడుకుని చక్రాల లోపల తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. బానెట్ ఎత్తాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. పెడల్ తొక్కి అలాగే పట్టమన్నాడు. ఆమె పట్టింది. కాలి కింద అది కొంచెం కొంచెంగా దిగిపోతూనే ఉంది.

"బయటికి కారకండా దిగిపోతన్నాదంటే లోపల ఆయిల్ని సక్రాల కాడికి తోసే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోనాయి," అంటూ డబ్బా మూత తీశాడు. మూతలోని రబ్బరు ఉబ్బిపోయి వంకర్లు తిరిగింది. వేలు ముంచి వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇందల నువ్వుల నూనె ఎవులు పోసినారే?"

ధనలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. "మొన్న బండి బాగుసేసిన ఆ పలాస షెడ్డోడే. కల్తీ ఆయిల్ పోసినాడు. ఆడి సేతులిరగ, ఇప్పుడే అడుగుతాను," అని ఫోన్ తీసింది.

"ఆడ్ని తిట్టకే," అన్నాడు అప్పలనరసింహం. ఊపిరి అందక ఆగాడు. "నానే పోసినాను."

ఆ ఇంట్లో ఎడ్లబండి ఉన్నన్నాళ్లూ, దసరానాడు పూజయ్యాక దీపం కుందిలో మిగిలిన నూనె ఇరుసుకు పెట్టేవారు. ఎడ్లు పోయాయి, బండి పోయింది, అలవాటు మాత్రం పోలేదు. మొన్న దసరాకు కారు ఇరుసెక్కడుందో తెలియక, పూజకు ఎత్తిన బానెట్ కింద చేతికి తిరిగిన మూత తీసి, తన కోసం పలాస చుట్టూ తిరుగుతున్న కూతురికి ఏ ఆపదా రాకూడదని దండం పెట్టుకుని మరీ పోశాడు.

ధనలక్ష్మి ఫోన్ పక్కన పడేసింది. తండ్రిని పట్టుకుని ఏడవాలనిపించింది, రెండు చేతులా కొట్టాలనీ అనిపించింది.

"నన్ను దింపీయే. లోనికెల్లి తొంగుంటాను. నువ్వా బండి ఎక్కొద్దు."

"నోర్మూసుకో నాన్నా." పుట్టి బుద్ధెరిగాక తండ్రిని ఆమె ఆ మాట అనలేదు.

వీధి చివరింట్లో ఉండే ధర్మేంద్రకూ కారు ఉంది. ఇలాంటిదే. దాని వెనకభాగం మీద కొబ్బరిచెట్టు పడి అప్పడమైపోయింది, ముందుభాగం మిగిలింది. "ఎలాగూ పోనాది. ఏటి కావాలంటే అది ఇప్పుకో మావా," అన్నాడు ధర్మేంద్ర. డిక్కీ సందులోంచి చెయ్యి దూర్చి, సీలు తియ్యని బ్రేక్ ఆయిల్ డబ్బాలు కూడా లాగి ఇచ్చాడు.

తుప్పు పట్టిన బోల్టు ఒక పట్టాన రాలేదు. స్పానర్ జారి కూర్మయ్య వేళ్లు చీరుకున్నాయి. అక్కణ్నించి మాస్టర్ సిలిండర్ విప్పి తెచ్చి ఇక్కడ బిగించేసరికి, కారులో ముసలాయన ఊపిరి బయటికి వినిపిస్తోంది. అయినా తొందరపడితే కుదరదు. పాత నూనెంతా పోవాలి, గొట్టాల్లో గాలి పోవాలి. కూర్మయ్య ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని, "తొక్కు. పట్టు. ఒగ్గీ," అంటున్నాడు. ఆమె తొక్కుతోంది, పడుతోంది, వదులుతోంది. తండ్రి ఊపిరి ఆగి మళ్లీ అందుకునేదాకా ఆమె ఊపిరీ ఆగుతోంది.

ఆఖరికి పెడల్ సగంలో గట్టిగా నిలబడింది.

"సక్రాల కాడి రబ్బర్లు కూడా ఆ నూనె తాగినాయి," అన్నాడు కూర్మయ్య. "ఈ పూటకి పడతాదని ఆశ. బరోసా ఇవ్వలేను. సిన్న గేర్లో ఎల్లు. యాండ్ బ్రేకు మీద సెయ్యి తియ్యకు."

ప్రాణం అరచేతిలో పెట్టుకుని బయల్దేరింది. మొదటి మలుపులో బ్రేకు తొక్కితే పక్కన ఏదో కదిలింది. తండ్రి వాచిన కుడికాలితో తన ముందున్న ఖాళీ చోటును తొక్కుతున్నాడు. గేదె అడ్డం వచ్చినా, కోసిన చెట్టు అడ్డం వచ్చినా, ఆమె కాలితోపాటు ఆ కాలూ దిగుతోంది. ముందు విసుగొచ్చింది. తరవాత్తరవాత ఆ కాలు కదలడం కోసమే చూడసాగింది. అది కదిలితే ఆయన ఉన్నట్టు.

రైలుగేటు దాటాక ఆ కాలు కదల్లేదు.

తరవాతి మలుపులోనూ కదల్లేదు. ధనలక్ష్మి తండ్రి ముఖంవైపు తిరగలేదు. తిరిగితే ఇంక నడపడం తన వల్ల కాదు. పలాస వీధుల్లో హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా, దేవుళ్లందరినీ తిడుతూ, మొక్కుతూ ఆసుపత్రి మెట్ల ముందుకు తెచ్చి బ్రేకు తొక్కింది. కారు ఆగింది.

"నాన్నా." చెయ్యి ఆయన గుండెల మీద వేసింది. "నాన్నా."

"నీ కాలు పడతన్నాది కదే," అన్నాడాయన, కళ్లు తెరవకుండానే. "మద్దెన నా కాలెందుకు."

లోపల్నించి చక్రాల కుర్చీ తోసుకొచ్చారు. ఆయన్ని దింపి కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్లేదాకా ధనలక్ష్మి బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.