పోయినోళ్ల రంగు

కరీంనగర్ బస్టాండ్ ఎనుక గల్లీల పర్శరాములుకు పెండ్లి వీడియోల దుకాణం ఉండె. పొద్దుగాల షటర్ లేపుడు, మిషన్ల మీది దుమ్ము దులుపుడు, ఊదుబత్తి ముట్టించి మొన్నటి పెండ్లి క్యాసెట్ పెట్టుకొని కూసునుడు, దినాం గదే పని.

సచ్చిపోయినోళ్లు పెండ్లికి వచ్చుడు, క్యాసెట్ల పడుడు కొత్త ముచ్చట కాదు. కుర్చీల ఎనుక, పందిరి గుంజల కాడ సప్పుడు చెయ్యకుంట నిలవడి తమ పిల్లలను చూసుకుంట ఉంటరు. బాధ ఒక్కటే. వాళ్ల ముఖాలు ఆకు పసరు పూసినట్టు వచ్చేటివి.

"మా నాయినమ్మ గట్లుండెనా రాములన్నా? జర మంచిగ చెయ్యరాదే" అని గిరాకీలు క్యాసెట్లు వాపస్ తెచ్చేటోళ్లు. దుకాణంల టీవీయే అబద్ధం చెప్తుంటే, దాన్ని చూసి ఎంత దిద్దినా ఏం ఫాయిదా?

నిజం చూపెట్టే మానిటర్ కోసం ఆయన హైదరాబాద్ పోయిండు. సంచిల తమ్ముని పెండ్లి క్యాసెట్. అండ్ల సచ్చిపోయిన తన తల్లి శంకరవ్వ ఉంది. అవ్వ ఒంటి చాయ ఆయనకు బాగ ఎరుక. దుకాణపాయన మొదలు పెద్ద కొత్త టీవీ పెట్టిండు. చీరెలు ధగధగ మెరిసినయి గని, అవ్వ ముఖంల పసరు తీస్తే పెండ్లిపిల్ల ముఖం బీట్‌రూట్ అయితుంది. స్టూడియోలకు అమ్మే కొత్త మానిటర్ ధర అడిగి మల్ల దాని దిక్కు చూడలే. మూలకు ఎవరో వాడి ఇడిసిన చిన్నదొకటి ఉంది. దాని మీద రంగు మొత్తం తీసేసి చూసిండు. తెలుపు తెలుపే, బూడిద బూడిదే, పసరు జాడ లేదు. మెల్లగ రంగు పెంచిండు. శంకరవ్వ చామనచాయల, పాదాల పసుపుతోటి నిలవడ్డది.

"మీ అవ్వనా? మంచిగ వచ్చింది" అన్నడు దుకాణపాయన.

"గిదే కట్టియ్యి సేటూ."

ఆ ఎండాకాలమే మందమర్రి నుంచి సారక్క క్యాసెట్ పట్టుకొని వచ్చింది. ఆమె పెనిమిటి అంకయ్య బొగ్గుబాయి పని. ఎన్కట కాళేశ్వరం కాడ గోదారి దాటి అవుతలి ఒడ్డు సిరొంచకు పోతుంటే పడవ మునిగింది. ఎంబడి పోయిన దోస్తు హనుమండ్లు శవం దొరికింది, అంకయ్యది దొరకలే.

"తమ్మీ, మా బిడ్డ పెండ్లిల గుంజ కాడ నిలవడ్డది మా ఆయనే. ఇంట్ల టీవీల ముఖం ఆనుతలేదు. జర సాఫ్ చెయ్యి."

పర్శరాములు మెల్లగ రంగు తిప్పిండు. పసరు పొరలు పొరలుగ ఇడిసింది. మొదలు సారక్క అత్త తేలింది. తర్వాత తట్టు పోసి పోయిన పెద్ద పిలగాడు. ఆఖరుకు గుంజ కాడి మనిషి.

సారక్క కుర్చీల నుంచి లేచింది. "గీయన... హనుమండ్లు గదా!"

సచ్చినోళ్లందరు పెండ్లిపిల్లనే చూస్తున్నరు. హనుమండ్లు ఒక్కడే మానిటర్ అద్దంల నుంచి సారక్కను చూస్తుండు. ఆయన ఎంటికెలకెల్లి నీళ్లు కారుతున్నయి.

"ఎనుకకు తిప్పు తమ్మీ."

బంతి భోజనాలు, బరాత్, అప్పగింతలు అన్ని చూసిన్రు. అంకయ్య ఎక్కడ లేడు.

"బిడ్డ పెండ్లికి రాకుంట సచ్చినోడు ఎవడన్న ఉంటడా?"

"ఉండడక్కా" అన్నడు పర్శరాములు. ఇన్నేండ్లల్ల ఒక్కరు గూడ తప్పలే.

సారక్క తన బోసి నుదురు తడుముకుంది. "అంటే బతికే ఉన్నడు. బతికుండి రాలే."

దేవుని పటం కాడి కుంకుమ తీసి బొట్టు పెట్టుకుంది. "కాళేశ్వరం బస్సు యాడ ఆగుతది తమ్మీ?"

చెప్పిండు. ఆమె ఎనుకకు తిరిగి చూడకుంట గల్లీ దాటింది.

పర్శరాములు మానిటర్ దిక్కు చూసిండు. పందిరి గుంజ కాడ ఎవ్వరు లేరు. గడప మీదికెల్లి తడి పాదాల అచ్చులు, సారక్క అడుగుల పక్కపొంటే, బస్టాండ్ దిక్కు పోయినయి.