గోడ మీద జిడ్డు చార

మా అత్తయ్య నడవడం మానేసి శనివారానికి ఆరు రోజులు. పడలేదు, జ్వరం రాలేదు. నేను ఇంటికి రంగులు వేయడం ముగించిన మర్నాడు, అంటే సోమవారం పొద్దున, మంచం దిగింది, గుమ్మం దాకా వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చుంది. అంతే. డాక్టరు మోకాళ్లు నొక్కి చూసి కాళ్లు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. అది విని మా ఆయన అక్క, నాకు వదిన, ఫోన్లోనే తేల్చేసింది.

"ఆదివారం వస్తున్నా. అమ్మ లేచి తిరుగుతుంటే సరే. లేకపోతే నాతో తీసుకుపోతా. నీకు నీ రంగులతోనే సరిపోతుంది."

కూతురింటికి వెళ్లమంటే అత్తయ్య ససేమిరా అంటుంది. పోనీ లేచి నాలుగడుగులు వేస్తుందా అంటే అదీ లేదు. మా ఆయన లారీ మీద వెళ్లారు, సోమవారం గానీ రారు. నేనొక్కదాన్నే హాల్లోంచి అత్తయ్య గదికీ, గదిలోంచి హాల్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

"నా మీద కోపమా అత్తయ్యా?"

"నీ మీద నాకెందుకు కోపం?"

"మరి లేవరేం?"

"లేవాలనిపించట్లేదు. నీ పని నువ్వు చూసుకో."

నా పని ఏమిటంటే, నిన్న కొన్న బల్లను ముత్తవ్వల నాటి బల్లగా మార్చడం. కాటేజీ స్టైల్ అంటారు దీన్ని. మీగడ రంగు గోడలు, టీ డికాక్షన్లో నానబెట్టిన లేసు కర్టెన్లు, పెచ్చులూడిన బీరువాలు. చెక్కకు ముందు ముదురు రంగు వేసి, అంచుల్లో కొవ్వొత్తి రుద్ది, పైన తెల్లరంగు కొడతాను. ఆరాక సాండ్‌పేపర్‌తో తోమితే మైనం ఉన్నచోట తెలుపు లేచిపోయి యాభై ఏళ్లు వాడినట్టు కనిపిస్తుంది. ఎక్కడపడితే అక్కడ తోమితే ఎలుకలు కొరికినట్టుంటుంది. చెయ్యి తగిలే చోటే అరగాలి. సొరుగు పిడి పక్కన, తలుపు అంచున, కుర్చీ చేతుల మీద. అరుగుదల చూసి ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పగలనని నాకు మహా గర్వం. ఒక పళ్ల డాక్టరు తన ఇల్లు అచ్చం అమ్మమ్మగారి ఇల్లులా ఉండాలన్నాడు. మూడు నెలలు చేశాక, వాళ్ల అమ్మమ్మ ఏడో అంతస్తులో ఉండేదని తెలిసింది.

ఆరేళ్లుగా ఊరందరి ఇళ్లూ చేశాను గానీ మా ఇంటి జోలికి పోలేదు. మొన్నామధ్య ఒక పత్రికవాళ్లు నా సొంత ఇల్లే ఫొటోలు తీసి వేస్తామనేసరికి నాకు కాలు నిలవలేదు. ఇరవై రోజుల్లో ఇల్లు తిరగేశాను. అన్నాళ్లూ అత్తయ్య పక్కింటివాళ్ల ముందుగదిలో ఉంది; ఆదివారం రాత్రి మా ఆయన వెళ్లి తీసుకొచ్చి తన గదిలో పడుకోబెట్టారు. నడవలో ఉన్న పాత బీరువాను హాల్లోకి ఈడ్చి తెల్లగా మార్చాను. గోడలన్నిటికీ మీగడ రంగు. అత్తయ్య గది నుంచి వంటింటి దాకా నడవ గోడ మీద, నడుమెత్తున, ఒక జిడ్డు చార ఉండేది. ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. లారీ గ్రీజు చేతులు గోడకు రాస్తున్నారని మా ఆయన్ని తిట్టని వారం లేదు. రెండు పూతల ప్రైమరు కొడితే గానీ చావలేదు.

శనివారం పదింటికి ఫొటోలు తీసే ఆవిడ వచ్చింది. నేను కొవ్వొత్తి రుద్ది అరగదీసిన ప్రతి అంచునూ పలకరించింది. నేనేమో ఒక చెవి అత్తయ్య గది మీదే వేసి తలూపుతున్నాను. చివర్లో, రంగులకు ముందు ఇల్లెలా ఉండేదో చూపమంటే నా ఫోన్ ఇచ్చాను. ఆవిడ ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది.

"ఈ గీత ఎలా వేశారండీ? ఎన్నో ఏళ్లు అరిగినట్టే వచ్చింది. ఇంత బాగా వచ్చినదాన్ని ఎందుకు చెరిపేశారు?"

"అది నేను వేసింది కాదండీ, మురికి," అన్నాను.

ఆవిడ వెళ్లిపోయాక ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. చార అత్తయ్య గది గుమ్మం దగ్గర మొదలైంది. బీరువా దాకా వచ్చి గోడ మీద ఆగిపోయి, బీరువా అంచు మీద సాగింది. ఆ అంచు నున్నగా మెరుస్తోంది. బీరువా దాటాక మళ్లీ గోడెక్కి, మెట్టున్నచోట కాస్త పైకి లేచి, వంటింట్లోకి పోయింది. రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి ఒకే చెయ్యి రాసుకుంటే తప్ప అలాంటి చార పడదు. కళ్లున్న మనిషి గోడ పట్టుకుని ఎందుకు నడుస్తుంది?

వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఎన్నాళ్లయింది అత్తయ్యా?"

"ఏం ఎన్నాళ్లు?"

"కళ్లు."

అత్తయ్య దుప్పటి అంచు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"నువ్వు కాపురానికొచ్చిన రెండో ఏడు మొదలైంది. వెలుగు తెలుస్తుంది. మనిషి వస్తే తెలుస్తుంది. ముదురు బీరువా, తెల్లగోడ, పచ్చ తలుపు, అలా ఆనవాలు పట్టుకుని తిరిగేదాన్ని. నువ్వు గోడా తలుపూ అన్నీ ఒకటే చేసేశావు. ఆ రోజు గుమ్మంలోకొస్తే పాలలో దిగినట్టనిపించింది. బీరువా కోసం చెయ్యి చాపితే అక్కడ ఏమీ లేదు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే పెద్దది తీసుకుపోతుంది. వాళ్ల గోడలు నాకు తెలియవే."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. ఇంటింటికీ వెళ్లి దొంగ అరుగుదల గీసేదాన్ని, నా ఇంట్లో నిజంగా అరిగినదాన్ని చేతులారా తుడిచేశాను. సోమవారం ఆయన రాగానే చెప్పి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. "ముందు ఆదివారం గడవనీ," అంది అత్తయ్య.

అప్పుడే పని మొదలుపెట్టాం. అత్తయ్య గోడ మీద చెయ్యి ఆనించి నిలబడితే, ఆ చెయ్యి ఉన్నచోటల్లా నేను సాండ్‌పేపర్‌తో కింది గరుకు తేలేదాకా తోమాను. పైన ముదురు మైనం రుద్దాను.

"పైకి పోతున్నావు. నేను నీ అంత పొడుగు కాదు," అని రెండుసార్లు నా మణికట్టు లాగింది.

చీకటి పడే వేళకు చార వంటింటి దాకా వచ్చింది. బీరువాను ఒక్కదాన్నే నెట్టుకుంటూ నడవలోకి చేర్చాను. నడుం పడిపోయింది. కొలిచే ఓపిక లేదు.

ఆదివారం వదిన వచ్చి హాల్లో, నడవకు ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నీ చేత్తో టీ తాగి ఎన్నాళ్లయిందో," అని గట్టిగా అంది. పరీక్షే అది.

అత్తయ్య గది బయటికొచ్చింది. వేళ్లు చార మీద, తల నిటారుగా, ఎప్పటిలాగే. నేను నడవలో ఎదుటి గోడకు ఆనుకుని ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడ్డాను. గోడ మీద చార ఆగిన చోట బీరువా అంచు ఉండాలి. నేను నెట్టింది జానెడు అవతలికి. అత్తయ్య చెయ్యి గాలిలో ఆగింది. కాలూ ఆగింది. వదిన ముందుకు వంగింది.

నేను ఒక్క అడుగు వేసి ఆ జానెడు ఖాళీలో నా భుజం పెట్టాను. చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. అయిదు వేళ్లూ గట్టిగా పట్టుకున్నాయి. ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్లు. అత్తయ్య చెయ్యి ఇంత బరువుంటుందని నాకు తెలియదు.

"ఎప్పుడు చూసినా దారికడ్డమే నువ్వు," అంది పెద్దగా, కూతురికి వినబడేలా. చెయ్యి మాత్రం తియ్యలేదు.

వదిన కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడు గోడ కనబడింది ఆమెకు.

"ఇల్లంతా అంత తెల్లగా మెరిపించి, ఈ మరకేంటి? చూసుకోలేదా?"

"చూసుకోలేదు వదినా," అన్నాను. "తొమ్మిదేళ్లు చూసుకోలేదు."

నోరు మూసుకోమని అత్తయ్య నా భుజం గిల్లింది.