వీరాస్వామి అరవని ఆట

మలయాలో కువాలా సెలంగోర్ దగ్గరి ఒక రబ్బరు తోటలో ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టినవాడు వీరాస్వామి. రబ్బరు షీట్లకు పొగ పెట్టే కొట్టంలో మేస్త్రీ ఆయన. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలకు బంతి తన్నడం నేర్పాడు. తోట దొరను బతిమాలి మైదానం చదును చేయించాడు. చిరిగిన బంతిని తనే కుట్టేవాడు. అయితే ఓపిక మాత్రం లేదు. గీత పక్కన నిలబడి ఆటంతా అరుస్తూనే ఉండేవాడు.

1934లో ఆ అరుపులన్నీ పైడయ్య మీదికి మళ్ళాయి. పంతొమ్మిదేళ్ల పైడయ్య రబ్బరు చెట్లు గీసి పాలు తీసేవాడు. జట్టులో అతనంత వేగంగా పరుగెత్తేవాడు లేడు. సాధన చేసేటప్పుడు ఎడమకాలితో ఎక్కడికి కొట్టమంటే అక్కడికి కొట్టేవాడు. తీరా పోటీలో గోలు ముందుకు వెళ్ళేసరికి బంతి ఆకాశంలోకో, పక్క కాలువలోకో పోయేది. ఒక ఆదివారం వీరాస్వామికి ఇక సహనం నశించింది. తోట జనమంతా చూస్తుండగా ఆట మధ్యలో అతన్ని బయటికి పిలిచి, చొక్కా విప్పించి మరొకడికి తొడిగించాడు. అక్కడే ఉన్న పైడయ్య తల్లి మరిడమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇక పైడయ్య మైదానం వైపు రాడనుకున్నారు. మర్నాడు పని దిగగానే అతను నేరుగా మేస్త్రీ ఇంటికి వెళ్ళాడు. ఆయనకు ఎదురు చెప్పినవాడు ఆ తోటలో ఇంతవరకు లేడు. పైడయ్య గొంతు పెంచలేదు.

"మావా, నాను బాగా ఆడలేదు. నిజమే. గోలు కాడికి ఎల్లేసరికి నాకు బంతి కనపడదు, నీ అరుపే ఇనపడతాది. ఒక్క ఆట అరవకుండా సూడు. అప్పుడూ ఆడలేకపోతే నానే తప్పుకుంటాను."

"నాకే బుద్ధి సెప్పడానికొచ్చినావేటి?" అంటూ వీరాస్వామి లేచి, అతన్ని పొమ్మన్నాడు.

కొన్నాళ్లు ఆ కోపం తగ్గలేదు. కానీ వయసులో ఉండగా, తోట పని చూసే కండక్టరు వెనక నిలబడి కేకలేస్తుంటే తన చేతిలో పని ఎలా చెడేదో ఆయనకు గుర్తుకొచ్చింది. క్లాంగ్ పట్నం జట్టు పోటీకి వచ్చిన రోజు ఎవరికీ ఏమీ చెప్పకుండా పైడయ్యను ఆటలోకి దింపాడు.

క్లాంగ్ వాళ్ళకు బూట్లున్నాయి, వీళ్ళవి వట్టికాళ్లు. పైడయ్య మొదట కొట్టిన బంతి గోలు మీదుగా పోయింది. అందరూ వీరాస్వామి వైపు తిరిగారు. ఆయన భుజం మీది తువ్వాలు చివర నోట్లో కుక్కుకున్నాడు. రెండోసారి బంతి గోలు కర్రకు తగిలి వెనక్కి వచ్చింది. వీరాస్వామి మెడ నరాలు ఉబ్బాయి గానీ మాట బయటికి రాలేదు. నేల మీద చతికిలబడ్డాడు.

ఆట ముగియబోతుండగా పైడయ్యకు మళ్ళీ బంతి దొరికింది. ఈసారి తొందరపడలేదు. గోల్‌కీపర్ ముందుకు వచ్చేదాకా ఆగి, ఎడమకాలితో నేలబారుగా అతని పక్కనుంచి లోపలికి పంపాడు.

అయినా ఆట ఓడిపోయారు. వీరాస్వామి మైదానంలోకి నడిచి పైడయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"నా ఎదట నిలబడి ఆ మాటన్నావు సూడు, దానికి గుండె కావాల్రా. నీ వయసులో నాకది లేదు."

తర్వాత ఎన్నో ఏళ్లు పైడయ్యే ఆ జట్టుకు నాయకుడు. వీరాస్వామి పూర్తిగా మారిపోయాడని చెప్పలేం. రెఫరీల మీద అరుస్తూనే ఉండేవాడు. తన కుర్రాడెవడైనా తడబడితే మాత్రం ఆట అయ్యేదాకా ఆగి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు.