మడి తువ్వాలు

రోజుకు నాలుగుసార్లు కృష్ణప్రియ చేతులు కడుక్కునేది. మామూలుగా కాదు, మోచేతుల దాకా, గోళ్ల సందులు కూడా వదలకుండా, గడియారం చూసుకుంటూ. ఏడేళ్ల కూతురు లహరికి మూత్రపిండాలు చెడిపోయాయి. పొట్టలో పెట్టిన గొట్టం గుండా మందు నీళ్లు ఎక్కించి, కొన్ని గంటలకు దించేసే డయాలసిస్ ఇంట్లోనే చేయడం ఆమె విజయవాడలో నేర్చుకుంది. కిటికీలు మూయాలి, ఫ్యాను ఆపాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకూడదు. మాడిన పప్పుకు మాటలు పడేదీ ఆమే. దిగిన నీళ్లు తేటగా ఉన్నన్నాళ్లూ ఆమె భర్త వీరేంద్ర జగ్గయ్యపేట కొట్లో కూర్చుని, "మేం ఇంట్లోనే డయాలసిస్ చేసేస్తున్నామండీ" అని మిరపకాయల బేరానికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ శ్రావణంలో ఒకరోజు నీళ్లు కుడితిలా దిగాయి. లహరి పొట్ట పట్టుకుని ముడుచుకుపోయింది.

"ఏం చేశావు నువ్వు?" అన్నాడు వీరేంద్ర. ఇన్నాళ్ల "మేం" ఏ గోడ దూకి పారిపోయిందో!

విజయవాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి చెప్పింది. "ఫంగస్. బూజు లాంటిదే, పొట్టలో చేరింది. గొట్టం తీసేయాలి. కొన్ని వారాలు ఇక్కడికొచ్చి మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోండి. తగ్గాక మళ్లీ గొట్టం పెడదాం. ఇంకోసారి ఇలాగైతే మాత్రం పొట్ట పనికిరాకుండా పోవచ్చు." తర్వాత అడిగింది, "చేతులు దేంతో తుడుచుకుంటున్నావమ్మా?"

"తువ్వాలుతో. అది సరిగ్గా ఆరేది కాదు" అంది కృష్ణప్రియ. తువ్వాలు శాఖ అత్తగారు జ్ఞానప్రసూనాంబది. డాక్టర్లు శుభ్రం అన్నారు, ఆవిడకు మడి అని వినబడింది. తానే తడిపి, కర్రతో ఎత్తి, ఎవరి చెయ్యీ తగలకుండా పూజగదిలో దండెం మీద ఆరేసేది. ఆ గదిలోకి ఎండా రాదు, గాలీ రాదు. ముసురు పట్టిన నెలంతా తువ్వాలు చెమ్మగానే ఉండేది.

"తడిగా ఉందత్తయ్యా, డాబా మీద ఆరేద్దాం" అని ఒకసారి అంది.

"నలుగురూ తిరిగే చోట మడెలా నిలుస్తుందే? పిల్ల కోసం నేనింత చేస్తుంటే వంకలా!" అందావిడ. కృష్ణప్రియ నోరు మూసుకుంది. పదేళ్ల కాపురంలో ఆ విద్య బాగా పట్టుబడింది. ఆ మౌనానికి ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"దీనివల్లే అని చెప్పలేను. యాంటీబయాటిక్సు వాడినా ఫంగస్ పెరగొచ్చు. ఈమధ్య పిల్లకు ఏమైనా వాడారా?" అంది డాక్టరమ్మ.

లహరి చెవిపోటుకు అవి మందుల షాపులో అడిగి తెచ్చింది వీరేంద్రే. ఆయన సీలింగు ఫ్యాను వంక శ్రద్ధగా చూశాడు.

ఆరువారాలు వారానికి మూడుసార్లు బస్సులో విజయవాడ వెళ్లొచ్చారు. బస్సు నందిగామలో ఆగినప్పుడల్లా లహరి జామకాయ కావాలనేది, తినకూడదని తనే గుర్తు చేసుకునేది. ఆ మాట విన్న ప్రతిసారీ కృష్ణప్రియకు ఏడుపొచ్చేది. పొట్ట కుదుటపడ్డాక కొత్త గొట్టం పెట్టారు. నర్సు మళ్లీ పాఠం మొదలుపెట్టబోతే కృష్ణప్రియ లేచి కుర్చీ భర్తకిచ్చింది.

"ఈసారి ఆయనక్కూడా నేర్పండి సిస్టర్."

"కొట్టో?" అన్నాడు వీరేంద్ర.

"తాళం ఉందిగా."

ఇంటికొచ్చాక తువ్వాలు డాబా మీది ఎండలోకి మారింది. మొదటి మధ్యాహ్నం వంతు ఆయనదే. తలుపు బయట జ్ఞానప్రసూనాంబ బుగ్గలు నొక్కుకుంది. "మగాడి చేత ఈ పనులేమిటే!"

"మగాళ్ల చేతులకు సబ్బు పడదా అత్తయ్యా?"

లోపల్నుంచి లహరి గొంతు గట్టిగా వినబడింది. "నాన్నా, కుళాయి ముట్టుకున్నావ్. మళ్లీ మొదట్నుంచి కడుక్కో."

"ఇప్పటికిది మూడోసారి తల్లీ!"

"అమ్మ రోజుకి నాలుగుసార్లు చేసేది."

కుళాయి చప్పుడు మళ్లీ మొదలైంది. కృష్ణప్రియ వంటింట్లోకి వెళ్లి, పొగలు కక్కుతున్న అన్నం వడ్డించుకుని, పీట వాల్చుకుని కూర్చుంది. నీళ్లు మబ్బుగా దిగితే తప్ప ఎవరు పిలిచినా లేవదలుచుకోలేదు.