హకారం జారిపోయిన చిరునామా

...హ, ఒక్క హ ఎగిరిపోతే ఇంత పనవుతుందని ఎవరనుకుంటారు, క్యాంటీన్లో టీ కప్పు పెదవి దాకా వెళ్లి సగం బట్టల మీదే ఒలికింది, ఒలకనీ, నవ్వొస్తోంది, ఇందాక అంబులెన్సు ఫోన్ల గదిలో ఆ ముసలాయన గొంతు చెవిన పడ్డప్పుడు నవ్వెక్కడిది, ఇంగ్లీషే గానీ ఈ తెల్లవాళ్ల దేశంలో ఏ మూల ఇంగ్లీషో, మాటలు గులకరాళ్లలా దొర్లుకుంటూ వచ్చాయి, కూతురికి నొప్పులు, బిడ్డ తల కనబడుతోంది, అంతవరకూ పట్టుకున్నాను, ఎక్కడండీ అంటే ఐ ఇల్ రోడ్ అన్నాడు, మళ్లీ అడిగితే మళ్లీ అదే, పక్క సీటు అక్క కూడా విని, తనకి ఒంట్లో బాగోలేదంటున్నాడే, రోడ్డు మీదున్నాడేమో అంది, కాదక్కా, నొప్పులు కూతురికి, ఈయనకేం జబ్బు, ఐ అంటే కన్నా, నేనా, ఏ స్పెల్లింగుతో కొట్టినా కంప్యూటరు అలాంటి రోడ్డే లేదంటోంది, అవతల ఆయన గొంతు తడారిపోతోంది, ఎల్ప్, అర్రీ, నాకేమో వారం క్రితం సూపర్‌వైజర్ చెప్పిన మాటే చెవుల్లో, నీ యాస మీద ఇంకొక్క ఫిర్యాదొస్తే ఫైళ్ల గదికి పంపుతాను అని, అసలు ఈవిడకి ఇంగ్లీషు రాదని ఈ ముసలాయనే అంటాడేమో, అప్పుడు చెయ్యి దానంతటదే పెన్ను అందుకుంది, చిన్నప్పటి అలవాటు, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోవడం, ఇంగ్లీషుకి చీర కడతావేమిటే అని మా ఆయన ఏడిపిస్తాడు, ఏడిపించనీ, తెలుగులో రాస్తే స్పెల్లింగు అడ్డం రాదు, నోటినుంచి ఊడిపడ్డది ఊడిపడ్డట్టే ఉంటుంది, ఎల్ప్ అంటే హెల్ప్, అర్రీ అంటే హర్రీ, ఔస్ అన్నాడే అది హౌస్, ఈయన వైపు హ పలకరు కదూ, మరి ఐకి హ తగిలిస్తే, ఇల్‌కి తగిలిస్తే, హై హిల్ రోడ్, ఒళ్లు ఝల్లుమంది, కొట్టాను, మ్యాప్ మీద కొండవాలున్న సన్నటి వీధి తెరుచుకుంది, బండి పంపక్కా అని అరిచానో, గొణిగానో.

బండి బయల్దేరింది సరే, బిడ్డ ఆగదుగా, తల లాగకండి, చేత్తో ఆనించి పట్టుకోండి చాలు, ఆఁ ఆఁ అంటున్నాడు, వచ్చేసింది అన్నాడు, ఏడవట్లేదు అన్నాడు, తువ్వాలుతో వైప్ చెయ్యండి అన్నాను, అనగానే నాలుక కరుచుకున్నాను, మనకున్నది ఒకటే వ, వాళ్లకి రెండు, వీ ఒకటి, డబ్ల్యూ ఒకటి, డబ్ల్యూకి పెదవులు సున్నా చుట్టాలని శిక్షణలో టీచరమ్మ అద్దం ముందు నిలబెట్టినా నా పెదవులు చుట్టుకోలేదు, ఆయన ఒక్క క్షణం ఆగాడు, తర్వాత గుడ్డ రుద్దుతున్న చప్పుడు, గట్టిగా, ఇంకా గట్టిగా, ఆ తర్వాత ఏడుపు, సన్నటి, కోపం ఏడుపు, అక్క కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకుంది, ఫోన్లో ఎవరో తలుపు తడుతున్నారు, బండివాళ్లే.

మా ఆయనకి ఫోన్ చేసి గడగడా చెప్పేశాను, అంతా విని, ఆడపిల్లా మగపిల్లాడా అన్నాడు, అయ్యో, అడగనే లేదు, ఇద్దరం ఫోన్లో పడీపడీ నవ్వాం, అయితే అతనికి ఒక్కటి చెప్పలేదు, ఎందుకో దాచుకున్నాను, ఫోన్ పెట్టేసే ముందు ముసలాయన ఏడుపూ నవ్వూ కలిపి అన్న మాట, నువ్వు చెప్పేవన్నీ నాకు తిన్నగా అందలేదమ్మా, తుడవమన్నది కూడా, ఇలా అయ్యుంటుందని సర్దుకున్నానులే, అదీ సంగతి, నేను ఆయన హకారాలన్నీ వెతికి అతికిస్తున్నంతసేపూ ఆయన అక్కడ మోకాళ్ల మీద కూచుని, చేతుల్లో బిడ్డతో, నా వకారాలన్నీ దిద్దుకుంటూ విన్నాడన్నమాట, ఫిర్యాదు ఊసే లేదు, ఇంకోసారి సరిగ్గా చెప్పమని కూడా అనలేదు, ప్రాణం మీదికొచ్చిన వేళ ఆయనకి నా ఇంగ్లీషు సరిపోయింది.