సత్యవతి టీచర్ ఆడిన అబద్ధం

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట మొదట మా నాయనమ్మ సారవ్వ అన్నది, తర్వాత మా అమ్మ అన్నది. ఇప్పుడు బసంత్‌నగర్ బడిలో నా దగ్గర చదువుకునే పిల్లలు నా వెనక అంటున్నారు. నాకు వినబడదనుకుంటారు గానీ, దేవుడు నాకు నోటితో పాటు చెవులు కూడా పెద్దవే ఇచ్చాడు. పైగా ముక్కు మీద కోపం. ఇన్ని గుణాలున్న దాన్ని పంతులమ్మను చేసిందెవరని అడిగితే సత్యవతి టీచర్ పేరు చెప్తాను. పాపం, అందులో ఆమె తప్పేమీ లేదు.

మాది నస్పూర్ దగ్గర ఒక పల్లె. మా నాయన లింగమూర్తి అక్కడ పటేలు దగ్గర జీతం, అంటే పాలేరుగా ఉండేవాడు. 1961లో మా నాయనకు బావ వరుసయ్యే ఎల్లేశం అనే ఆయనకు గోదావరిఖనిలో బాయి నౌకరి దొరికింది. గనిని మా దగ్గర బాయి అంటారు. ఎల్లేశం మామ మొదటి రోజు డ్యూటీకి దిగాడు. పైనున్న వెలుతురు కనుమరుగయ్యే చోట "ఓ అవ్వో!" అని ఒక్క కేక పెట్టి, వెనక్కి తిరిగి, పరుగున పైకొచ్చి, మళ్ళీ ఊళ్ళో వాళ్ళ ఇంటి ముందు గానీ ఆగలేదట. నౌకరి కార్డు మాత్రం ఆయన జేబులోనే ఉంది. దొరికిన నౌకరిని పారేసుకునేంత కలిగినవాళ్ళం కాము గదా! మర్నాడు ఆ కార్డు పట్టుకొని మా నాయన దిగాడు. మొహం ఎవరు చూశారు? ఒక షిఫ్టు చేసి పైకొస్తే అందరి మొహాలూ బొగ్గు మొహాలే.

ఆ రోజు నుంచి మా నాయన గడప లోపల లింగమూర్తి, గడప బయట ఎల్లేశం. మా క్వార్టర్ల లైన్లో ఇట్లా మారుపేరు మీద బతికేవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఆఫీసులో మాత్రం తెలియకూడదు. ఈ ముక్క నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా అమ్మ రోజూ చెప్పేది. నేను రోజూ తలూపేదాన్ని. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

1965లో నేను మూడో తరగతి. రేకుల షెడ్డులో కాలనీ బడి, నలభై మంది పిల్లలం, ఒక్క సత్యవతి టీచర్. ఆమె నాయన అంద్రెయ కొత్తగూడెం వైపు బాయిల్లో ముప్పై ఏండ్లు పనిచేసిన మనిషి. టీచర్ కొట్టేది కాదు, తిట్టేది కాదు. ఎవరైనా అబద్ధమాడితే మాత్రం ఆమె మొహం చిన్నబోయేది. ఆ మొహం చూడలేక మేం నిజాలే చెప్పేవాళ్ళం. నేనైతే అడగని నిజాలు కూడా చెప్పేదాన్ని.

ఒకరోజు కంపెనీ ఆఫీసరు ఒకాయన పలకలు పంచడానికి వచ్చాడు. ఒక్కొక్కరినీ లేపి తండ్రి పేరు అడిగి, తన పుస్తకంలో రాసుకొని, పలక చేతికిస్తున్నాడు. నా ముందు కూచున్న రాజం అనే పిల్లగాడు "మా నాయిన పేరు ఆగయ్య సార్" అని ముద్దుముద్దుగా చెప్పి పలక తీసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడి నాయనకు ఉన్నది ఒకే ఒక్క పేరు!

"ఏం పాపా, మీ నాన్న పేరేంటి?"

నేను లేచి, గౌను సర్దుకొని, బడంతా వినబడేట్టు చెప్పాను. "మా నాయినకు రెండు పేర్లున్నయ్ సార్! బాయిల ఎల్లేశం, అసలు పేరు లింగమూర్తి!"

ఆఫీసరు కలం ఆగింది. తల ఎత్తి నన్ను ఒకసారి, టీచర్‌ను ఒకసారి చూశాడు. సత్యవతి టీచర్ కుర్చీలోంచి లేచి నా పక్కకొచ్చింది.

"ఈ పిల్లకు కథలల్లే అలవాటుంది సార్. రోజుకొకటి చెప్తది. రిజిస్టర్ల ఎల్లేశమనే ఉన్నది, చూడండి" అన్నది.

నాకు మండింది. నేనా, కథలా? "కాదు టీచర్, నేను నిజమే..." అనబోతే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆఫీసరు రిజిస్టర్ చూశాడు, పుస్తకంలో ఏదో గీసుకున్నాడు. "పలకలు తక్కువపడ్డాయి. శనివారం మిగతావి తెస్తాను. అప్పుడు ఈ పాపను మళ్ళీ అడుగుతాను" అని వెళ్ళిపోయాడు. నాకు పలక ఇవ్వలేదు. బడి వదిలాక పిల్లలంతా "అబద్ధాల అనసూర్య! అబద్ధాల అనసూర్య!" అని పాట కట్టి ఇంటిదాకా సాగనంపారు.

నాయన మొదటి షిఫ్టు దిగొచ్చి స్నానం చేస్తున్నాడు. నేను ఏడుస్తూ పోయి టీచర్ మీద ఫిర్యాదు చేశాను. నిజం చెప్తే నన్ను అబద్ధాలకోరును చేసిందని, నువ్వొచ్చి గట్టిగా అడగాలని కూడా అన్నాను. నాయన చేతిలో చెంబు కింద పడ్డది. సబ్బు నురగ మొహానే ఉంది, అట్లాగే బండ మీద కూలబడ్డాడు.

"నీ నోట్ల మన్నువడ! కొంప ముంచినవు గదనే!" అని నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "పేరు బయటవడితె నౌకరి పోతది. నౌకరి పోతె ఈ క్వార్టర్ పోతది. మల్ల పోయి పటేలు కాళ్ళకాడ పడాలె నా కొడుకు."

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. కొట్టినా బాగుండేది. అప్పుడు నాకు భయమేసింది.

సాయంత్రం నన్ను తీసుకొని టీచర్ ఇంటికి పోయాడు. వాకిట్లోనే చేతులు జోడించి నిలబడ్డాడు. "టీచరమ్మా, ఇయ్యాల నా ఇజ్జత్ కాపాడినవ్. శనివారం ఏం చెప్పాలెనో ఈ పిల్లకు నువ్వే నేర్పు. మా మాట ఇనదు గని, నీ మాట ఇంటది."

టీచర్ గడప దిగి వచ్చింది. తర్వాత మెల్లగా అన్నది. "నేర్పను, అన్నా. అబద్ధం నేనాడిన, అది నా మీదనే ఉండనీ. మూడో తరగతి పిల్లకు నేను అబద్ధం నేర్పితె రేపు ఏ మొహం పెట్టుకొని బడికి పోవాలె? ఏం చెప్పాలెనో అనసూర్య ఇష్టం."

నాయన మొహం పాలిపోయింది. ఆయన బతుకును నా నోటికి అప్పగించారు మరి! కోతికి కొబ్బరికాయ ఇచ్చినా ఇంతకన్నా నయం.

అప్పుడు టీచర్ నా ముందు మోకాళ్ళ మీద కూచున్నది. "అందరి ముంగట నిన్ను అబద్ధాల పిల్లను చేసిన బిడ్డా. నువ్వు నిజమే చెప్పినవ్. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."

నన్ను మాఫీ అడిగిన పెద్దమనిషి అంతవరకు ఎవరూ లేరు. ఇంకొకరైతే ఆమె మెడ చుట్టూ చేతులేసి ఏడ్చేవాళ్ళు. నేను మాత్రం మూతి ముప్పై వంకర్లు తిప్పి "ఆలోచించి చెప్త" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. టీచర్ మాత్రం "సరే, ఆలోచించుకో" అన్నది, నవ్వకుండా.

శనివారం ఆఫీసరు వచ్చాడు. పలకలు పంచి, చివరికి నన్ను లేపాడు.

"ఇప్పుడు చెప్పు. మీ నాన్న పేరేంటి?"

పిల్లలంతా నా వైపు తిరిగారు. ఎల్లేశం అంటే నలభై మంది ముందు నేను అబద్ధాలకోరునని ఒప్పుకున్నట్టే. లింగమూర్తి అంటే ఇల్లు పోతుంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, కొంచెంసేపు నాకు నాయన నౌకరి కన్నా నా ఇజ్జతే ఎక్కువ అనిపించింది. టీచర్ వైపు చూశాను. ఒక్క కనుసైగ చేస్తే చాలు, తప్పు ఆమె మీదికి తోసేసి హాయిగా ఉందును. ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. వీపు మాత్రమే కనిపిస్తోంది. చీర కొంగును పిడికిట్లో గట్టిగా పట్టుకొని ఉంది. ఎన్నడూ అబద్ధమాడని మనిషి మా నాయన కోసం ఆడింది. నేను ఇప్పుడు లింగమూర్తి అంటే ఆఫీసరు ముందు ఆమె అబద్ధాలకోరు అవుతుంది, ఆమె నౌకరికీ ముప్పు. అది తట్టేసరికి నేను మళ్ళీ గౌను సర్దుకున్నాను.

"ఎల్లేశం సార్" అన్నాను.

"మరి లింగమూర్తి ఎవరు?"

తెల్వదు సార్ అంటే అయిపోయేది. కానీ నా నోరు అంత తేలిగ్గా మూతపడుతుందా?

"మా మేకపోతు సార్."

"మేకపోతుకు లింగమూర్తి అని పేరా!"

"మా నాయినమ్మ పెట్టింది సార్. ఆమెకు దేవుడంటె మస్తు భక్తి."

"అయితే ఒకసారి చూపించు."

"లేదు సార్. మొన్న ఎల్లమ్మ మొక్కుకు కోసుకొని తిన్నం."

రేకులు ఎగిరిపోయేట్టు నవ్వారు పిల్లలు. ఆఫీసరు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వి, నా చేతిలో పలక పెట్టి, పుస్తకం మూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రానికి లైన్లో అందరికీ తెలిసిపోయింది. పక్కింటి పోశం కాక మా నాయనను ఆపి "ఏందయ్యా, కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. "బంగారమసొంటి నా కొడుకును కోసుక తిన్నదిరా ఇది" అని నాయనమ్మ శోకం పెట్టింది. నాయన నవ్వీ నవ్వీ చివరికి తువ్వాలలో మొహం పెట్టుకొని ఏడ్చాడు.

సోమవారం నేను బడికి ఏనుగెక్కినంత గర్వంగా పోయాను. టీచర్ మెచ్చుకుంటుందని ఆశ. ఆమె మెచ్చుకోలేదు. దగ్గరికి పిలిచి తల నిమిరింది. "మీ నాయినను కాపాడుకున్నవ్, మంచిదే. నా మీది నుంచి కూడ పెద్ద బరువు దింపినవ్. గని గీ అలవాటు ముదిరితె పాడైతవ్. ఇయ్యాల సంది ఆఖరి గంటల రోజు ఒక కథ చెప్పు. 'ఇది కథ' అని ముందుగాల చెప్పి, తర్వాత ఎంతన్న అల్లు. నీకు కథలల్లే అలవాటున్నదని నేనన్న గద, ఆ మాటన్న నిజమైతది."

అట్లా రెండేండ్లు చెప్పాను. అబద్ధాల అనసూర్య అన్నవాళ్ళే "అనసూర్యా, నిన్నటిది ఏమైంది?" అని వెంటపడ్డారు. చదువు మీద ప్రేమతో నేను పంతులమ్మను కాలేదు. నలభై మంది కదలకుండా కూచొని నా మాటలు వినే నౌకరి ఇంకోటి లేదు గనక అయ్యాను. పోయిన ఏడాది బడిలో సుద్దముక్కల డబ్బా పోతే కోపంలో ఎనగందుల కనకవ్వ అనే పిల్లను దొంగ అన్నాను. డబ్బా నా సంచిలోనే ఉంది. భూమిలోకి కుంగిపోయినంత పనైంది గానీ, తరగతి ముందు మోకాళ్ళ మీద కూచొని మాఫీ అడిగాను. అది నన్ను పైనుంచి కిందిదాకా చూసి "సరే తియ్ టీచర్" అన్నది. నాకన్నా బుద్ధిమంతురాలు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న 1979లో మా నాయన రిటైరయ్యాడు. నిజానికి ఆయనకు యాభై దాటలేదు. కానీ ఎల్లేశం మామ పదేండ్లు పెద్ద. ఆ కార్డు మీది వయసు నిండింది గనక కంపెనీ వాళ్ళు దండేసి, టిఫిన్ పెట్టి ఇంటికి పంపారు. "ఇగ భయం లేదు గద నాయినా, నీ పేరు నువ్వు చెప్పుకోవచ్చు" అన్నాను. ఆయన దండలోని పూలు తుంచుతూ "ఎవలికి చెప్పాలె? గీడ లింగమూర్తి ఎవలికి ఎరుక?" అన్నాడు. నిజమే మరి. ఆ పేరుతో పిలిచే నాయనమ్మ పోయి ఎనిమిదేండ్లయింది. మా అమ్మ ఆయనను "ఇనవడ్తుందా" అనే పిలుస్తుంది.

తర్వాతి ఆదివారం ఆయనే "ఆ టీచరమ్మను ఒకసారి చూసొద్దాం పా" అన్నాడు. సత్యవతి టీచర్ రామకృష్ణాపూర్‌లో తమ్ముడు యోబు ఇంట్లో ఉంటున్నదని విన్నాం. రామగుండంలో రైలెక్కి, గోదారి దాటి, మంచిర్యాలలో బస్సు పట్టుకున్నాం. సీతాఫలాల సంచి ఒళ్ళో పెట్టుకొని నాయన దారి పొడుగునా నెమ్మదిగా వల్లె వేస్తూనే ఉన్నాడు. "నమస్తె టీచరమ్మా, నేను ఎల్లేశాన్ని, అనసూర్య నాయినను. నమస్తె టీచరమ్మా, నేను ఎల్లేశాన్ని..."

టీచర్ వాకిట్లో మంచం మీద కూచొని బియ్యం ఏరుతోంది. జుట్టంతా నెరిసింది. నేను పోయి కాళ్ళ దగ్గర కూచొని గడగడా మాట్లాడేశాను, ఆమెను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఆమె నవ్వుతూ విని, కళ్ళద్దాలు సర్దుకొని గేటు వైపు చూసింది. నాయన చెప్పులు విడిచి, సంచి రెండు చేతులతో పట్టుకొని, వల్లె వేసిన మాట మొత్తం మరిచి, అక్కడే నిలబడి ఉన్నాడు.

"గాడనే నిలవడ్డరేంది లింగమూర్తి గారూ? లోపలికి రండి" అన్నది టీచర్.

నాయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. గల్లీలో ఎవరూ లేరు.

"నిన్నే నాయినా" అన్నాను నేను.